రఫ్ లింటర్ రివ్యూ: మిర్యాలగూడ మిల్లు కోడు మీద 8 నెలలు వాడాక

నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న ఆఫీసు, ముగ్గురం ఉంటాం. మిర్యాలగూడ వైపు రైసు మిల్లులకు, ఇక్కడ బత్తాయి కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాం, అంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. ఏడేళ్లుగా ఒక్కో మిల్లు అడిగినప్పుడల్లా ఒక్కో ముక్క కలుపుతూ వచ్చిన కోడు అది, ఇప్పుడు 14 వేల లైన్లకు వచ్చింది. దాని మీద 8 నెలలుగా రఫ్ అనే లింటర్ నడుపుతున్నాం. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కింద చెప్తాను, కానీ పైథాన్‌లో పని చేసేవాళ్లు ఇంకా వాడకపోతే ఈ రివ్యూ పూర్తిగా చదవకముందే వేసుకోండి, నష్టం లేదు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లింటర్ అంటే మన ప్రోగ్రామ్‌ను నడపకుండానే, రాసిన కోడును రాసినట్టు చదివి, ఇక్కడ తప్పు ఉంది, ఇక్కడ అనుమానంగా ఉంది అని లైను నంబరుతో సహా చెప్పే ప్రోగ్రామ్. దీన్నే స్టాటిక్ అనాలిసిస్ అంటారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం లింట్ అనే టూల్ రాశాడు, బట్టకు అంటుకునే నూగు, నలుసుల పేరే దానికి పెట్టాడు. రఫ్ 2022లో వచ్చింది, చార్లీ మార్ష్ మొదలుపెట్టాడు, ఆస్ట్రల్ అనే కంపెనీ నడుపుతోంది. పైథాన్ కోడును చూసేదే అయినా అది రాసింది రస్ట్ భాషలో, అందుకే అంత వేగం. ఉచితం, ఎంఐటీ లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మన కోడు ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మన కంప్యూటర్‌లోనే చూసి మన కంప్యూటర్‌లోనే చెప్తుంది. మిల్లు లెక్కల పని చేసే మాకు ఇది చిన్న విషయం కాదు, నెట్ పోయిన రోజు కూడా పని ఆగదు.

ఎందుకు వేసుకున్నామో చెప్తాను. ఒక మిల్లులో లారీ కిరాయి బిల్లు రెండు సీజన్లుగా తప్పు వస్తోంది. ఊరి పేరును బట్టి బస్తాకు ఇంత కిరాయి అని కోడులో ఒక డిక్షనరీ ఉంటుంది, పేరు (దాన్నే కీ అంటారు) ఇస్తే దాని విలువ చెప్పే పట్టిక లాంటిది, దామరచర్ల, హాలియా, నిడమనూరు, వేములపల్లి, ఇట్లా 60కి పైగా ఊర్లు. త్రిపురారం రేటు మారింది, నేనే మార్చాను. అయినా బిల్లులో పాత రేటే. గుమాస్తా ఫోన్ చేస్తే మళ్లీ చూశాను, కోడులో కొత్త రేటే కనిపిస్తోంది. సర్వర్ అప్‌డేట్ కాలేదేమో అనుకుని మళ్లీ వేశాం. ఆయన విసిగిపోయి ప్రతి బిల్లు మీదా పెన్నుతో కొట్టేసి దిద్దడం అలవాటు చేసుకున్నాడు, మాకు ఫోన్లు ఆగిపోయాయి, అంతా బాగుందనుకున్నాం. యాసంగి ధాన్యం మొదలవుతుంటే మా దగ్గర పని చేసే దేవరకొండ తమ్ముడు తన సిస్టమ్‌లో రఫ్ వేసుకుని ఊరికే నడిపి చూశాడు. వచ్చిన వాటిలో ఒక లైను, డిక్షనరీలో ఒకే కీ రెండుసార్లు ఉందని, ఎఫ్601 అనే రూల్ (రఫ్ పట్టే ఒక్కో రకం తప్పుకు ఒక్కో నంబరు ఉంటుంది). త్రిపురారం పైన ఒకసారి ఉంది, 40 లైన్ల కింద ఇంకోసారి ఉంది. పైథాన్‌లో ఒకే కీ రెండుసార్లు రాస్తే చివరిదే నిలుస్తుంది, తప్పని కూడా చెప్పదు. నేను ప్రతిసారీ పైదాన్ని మారుస్తున్నాను, బిల్లుకు కిందిది పోతోంది.

ఆ సాయంత్రమే ఆఫీసులో మూడు సిస్టమ్‌లలోనూ వేశాం. పైథాన్ టూల్స్ దించుకునే పిప్‌తో ఒక్క కమాండు, అంతే.

మొదటిసారి మొత్తం కోడు మీద నడిపినప్పుడు ఏమవుతుందో ముందే తెలుసుకోండి, లేదంటే ఆ రోజే తీసేస్తారు. స్క్రీన్ మీద లైన్లు పైకి పోతూనే ఉంటాయి. మాకు వెయ్యి దాటాయి. 14 వేల లైన్లు చూడటానికి అది తీసుకున్న టైము మాత్రం సెకను కూడా లేదు, ఎంటర్ కొట్టి చెయ్యి తీసేలోపు అయిపోయింది. పాత లింటర్లకంటే 10 నుంచి 100 రెట్లు వేగమని వాళ్లు రాసుకున్నారు, మాకు వంద రెట్లో కాదో కొలిచే ఓపిక లేదు గాని, అంతకుముందు వాడిన లింటర్ నడిపితే టీ తాగి రావాల్సి వచ్చేది, అందుకే దాన్ని వారానికోసారి కూడా నడిపేవాళ్లం కాదు. ఈ వేగం వల్ల అలవాటే మారింది. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ నడుస్తుంది, తప్పు వేడివేడిగా ఉన్నప్పుడే కనిపిస్తుంది.

ఆ వెయ్యిలో సగానికి పైగా వాడని ఇంపోర్టులు, అంటే వేరే చోట ఉన్న కోడును ఈ ఫైలులోకి తెచ్చుకునే లైన్లు, రూల్ ఎఫ్401. ఎప్పుడో ఏదో ప్రయత్నించి వదిలేసినవి. వీటిని ఫిక్స్ ఆప్షన్ ఇస్తే తనే తీసేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మా ప్రింటర్ ఫైలులో ఒక ఇంపోర్టు పేరు ఎక్కడా వాడం, కానీ అది లోడ్ అవ్వగానే స్లిప్ డిజైన్లు రిజిస్టర్ అవుతాయి, అందుకే అక్కడ ఉంది. రఫ్‌కు అది తెలియదు, వాడలేదు కాబట్టి తీసేసింది, మరునాడు స్లిప్పులు ప్రింటు కాలేదు. ఫిక్స్ కొట్టే ముందు డిఫ్ ఆప్షన్‌తో ఏం మారుస్తుందో చూసుకోండి, కోడులో మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ముందే కమిట్ చేసి (అప్పటి కోడును భద్రపరిచి) ఉంచుకోండి. అలాంటి లైను పక్కన నోక్యూఏ అని రూల్ నంబరుతో కామెంటు పెడితే దాన్ని వదిలేస్తుంది. ఆ కామెంటుతో పాటు ఎందుకు వదిలేస్తున్నామో కూడా ఒక ముక్క రాయాలని మా ఆఫీసులో రూల్ పెట్టుకున్నాం.

నన్ను నిజంగా భయపెట్టింది ఈ722 అనే రూల్ చూపించినవి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మిల్లులో లారీ కాంటా ఎక్కగానే బరువు చూపించే ఇండికేటర్ నుంచి కేబుల్ ద్వారా మా సాఫ్ట్‌వేర్‌కు అంకె వస్తుంది. కేబుల్ కదిలినా, ఊక దుమ్ము పట్టినా అప్పుడప్పుడు రీడింగ్ రాదు. అలా వచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోకూడదని, మా పాత కోడులో ట్రై పెట్టి, కింద ఎక్సెప్ట్ అని మాత్రమే రాసి, అందులో పాస్ అని వదిలేశాం. అంటే ఏ తప్పు వచ్చినా నోరు మూసుకుని ముందుకు పొమ్మని చెప్పడం. దాని ఫలితం ఏంటంటే, రీడింగ్ రాకపోతే స్క్రీన్ మీద అంతకుముందు లారీ బరువే ఉండిపోయేది. ఒకసారి ఒక రైతు ట్రాక్టరుకు ముందు పోయిన లారీ బరువు పడింది. కాంటా దగ్గర కూర్చునే అతను ఇండికేటర్ వైపు చూసి, స్క్రీన్ వైపు చూసి, రెండూ కలవట్లేదని ఆపాడు కాబట్టి సరిపోయింది. అటూ ఇటూ కాస్త దగ్గర బరువులే అయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కష్టపడి పండించి, ఎండబెట్టి, క్యూలో రెండు రాత్రులు పడుకుని తెచ్చిన ధాన్యం బరువు అది. ఆ సంఘటన మూడేళ్ల కిందటిది, ఆ ఒక్క చోట అప్పుడే సరిచేశాం, అయిపోయిందనుకున్నాం. రఫ్ నడిపితే అచ్చం అలాంటివే ఇంకా 11 చోట్ల ఉన్నాయని తేలింది. ఒకటి తేమ మీటరు రీడింగ్‌లో, రెండు అడ్వాన్సు కోతలో.

మనిషి కంటితో చూసేటప్పుడు తప్పు జరిగిన చోటే చూస్తాం. అదే రకం తప్పు ఇంకెక్కడుందో వెతికే ఓపిక సీజన్ మధ్యలో ఎవరికీ ఉండదు. టూల్‌కు అలసట లేదు, 11వ దాన్ని కూడా మొదటిదాన్ని చూసినంత శ్రద్ధగా చూస్తుంది. నాకు దీని మీద నమ్మకం కుదిరింది ఆ 11 చూసిన రోజే. ఎక్సెప్ట్ తర్వాత ఎక్సెప్షన్ అని ఒక్క మాట చేర్చి పాస్ అలాగే ఉంచితే ఈ722 ఊరుకుంటుంది, అందుకని ఎస్110 కూడా ఆన్ చేసుకోండి, తప్పును పట్టి ఏమీ చేయకుండా వదిలేసే చోట్లను అది చూపిస్తుంది.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి. మనం కోడులో వేరియబుల్ పేర్లు, అంటే విలువలకు పెట్టుకునే పేర్లు, సగం ఇంగ్లిష్‌లో, సగం తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాం. తరుగు, హమాలీ, కాంటా, బస్తా, వీటికి ఇంగ్లిష్ మాటలు వెతుక్కోవడం కంటే ఇవే మేలు, మిల్లులో వాడే మాటే కోడులో ఉంటే రేపు చదివేవాడికి సులువు. కానీ స్పెల్లింగ్ ఎవరిది వాళ్లది. హమాలీని నేను హెచ్ తర్వాత ఒక ఏ, ఎం తర్వాత ఒక ఏ పెట్టి రాస్తాను, తమ్ముడు ఎం తర్వాత రెండు ఏలు పెడతాడు, ఇంకొకాయన చివర రెండు ఈలు. ఒక చోట ఒక స్పెల్లింగ్‌తో విలువ ఇచ్చి, కింద ఇంకో స్పెల్లింగ్‌తో వాడితే, ఆ దారిలోకి బిల్లు వెళ్లిన రోజే ప్రోగ్రామ్ పడిపోతుంది, అది ఏ నెలకోసారి మాత్రమే తగిలే దారైతే ఇంకా కష్టం. రఫ్‌లో ఎఫ్821 ఆ పేరు లేదు అంటుంది, ఎఫ్841 ఈ పేరుకు విలువ ఇచ్చారు గాని వాడలేదు అంటుంది. ఈ రెండూ ఒకే ఫంక్షన్‌లో (ఒక పని చేసే కోడు ముక్కలో) జంటగా వస్తే స్పెల్లింగ్ తేడా అని మాకు చూడగానే అర్థమైపోతుంది ఇప్పుడు. కానీ ఆ హమాలీ కొటేషన్లలో, డిక్షనరీ కీగా ఉంటే మాత్రం రఫ్ ఏమీ చెప్పలేదు, దానికి అది ఉత్త అక్షరాల వరస.

ఫార్మాటర్ కూడా ఇందులోనే ఉంది, రఫ్ ఫార్మాట్ అని కొడితే కోడు మొత్తాన్ని ఒకే తీరులో సర్దుతుంది. లైను 88 అక్షరాల దగ్గర విరుస్తుంది, కొటేషన్లు రెండు గీతలవే. పైథాన్ వాళ్ల సొంత పద్ధతి పుస్తకం లాంటిది పెప్ 8, 2001 నాటిది, అందులో 79 అని ఉంటుంది, మేము 88కే ఒప్పుకున్నాం. దీని వల్ల ఏమొచ్చింది అంటే, మా ముగ్గురి మధ్య కొటేషన్ల గురించి, స్పేసుల గురించి గొడవలు ఒక్కరోజులో ఆగిపోయాయి. కోడు ఒకే తీరులో ఉండటం అందం కోసమే అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తు చేసుకోండి. 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఫోన్లలో బయటపడిన గోటూ ఫెయిల్ బగ్ ఒక్క లైను రెండుసార్లు పడటం వల్ల వచ్చింది. ఆ రెండో లైను ఇఫ్ లోపల ఉన్నట్టు జరిపి రాసి ఉంది, చదివే కంటికి లోపల ఉన్నట్టే కనిపించింది, నిజానికి బయట ఉంది, దాని వల్ల సెక్యూరిటీ చెకింగ్ సగంలోనే దాటిపోయింది. అది సీ భాష, పైథాన్‌లో స్పేసులకే అర్థం ఉంటుంది కాబట్టి అచ్చం అలా జరగదు, కానీ కంటికి కనిపించేది ఒకటి, మిషన్ చేసేది ఇంకొకటి అయితే ఎంత ప్రమాదమో అది చెప్తుంది. ఒకటే సూచన, పాత కోడు మొత్తాన్ని ఫార్మాట్ చేస్తే దాన్ని విడి కమిట్‌గా పెట్టండి, అందులో ఇంకే మార్పూ కలపొద్దు.

చదవడానికి సులువు అనే దగ్గర మాకు అన్నిటికంటే పెద్ద మేలు చేసిన రూల్ సీ901. ఒక ఫంక్షన్‌లో ఎన్ని దారులు ఉన్నాయో, అంటే ఎన్ని ఇఫ్‌లు, ఫర్‌లు చీలుతున్నాయో లెక్కపెట్టి, 10 దాటితే చెప్తుంది. ఈ లెక్క 1976లో థామస్ మెక్‌కేబ్ పెట్టింది. మా బిల్లు తయారు చేసే ఫంక్షన్‌కు 34 వచ్చింది. రాసింది నేనే, ఏడేళ్లుగా నాకు అందులో ఏ మూల ఏముందో తెలుసు, అందుకే అది కష్టమైన కోడు అని నాకెప్పుడూ అనిపించలేదు. స్క్రీన్ మీద 34 అని చూసి తమ్ముడు చాలాసేపు ఊరుకుని, "అన్నా, ఈ ఫంక్షన్ నాకు ఇప్పటిదాకా పూర్తిగా అర్థం కాలేదు, దీంట్ల చెయ్యి పెట్టాలంటే టెన్షన్" అన్నాడు. మా దగ్గర చేరి ఏడాదిన్నర అయింది, ఒక్కసారి కూడా అనలేదు. ఎట్లా అంటాడు, నేను పెద్దవాణ్ణి, రాసింది నేను, పని నేర్పేది నేను. మన ఆఫీసుల్లో చిన్నవాళ్లు పెద్దవాళ్ల కోడును బాగాలేదని అనరు, బయటికి కనిపించని మర్యాద అది. ఆ మర్యాద వల్ల కోడు పాడవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. టూల్‌కు అన్న లేడు, తమ్ముడు లేడు, నేను రాసినా వాడు రాసినా అదే రూల్, అదే నంబరు. అది ముందు ఒక మాట అన్నాక, వాడికి ఆ మాట పట్టుకుని మాట్లాడే వీలు దొరికింది. ఈ టూల్ గురించి ఎక్కడా ఎవరూ చెప్పని మేలు ఇదే అని నా అభిప్రాయం, చిన్న ఆఫీసులు నడిపేవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోండి.

ఆ ఫంక్షన్‌ను ముక్కలు చేయడానికి ఇద్దరికీ మూడు రోజులు పట్టింది. తేమ కోత ఒకటి, తరుగు ఒకటి, హమాలీ ఒకటి, కిరాయి ఒకటి, అడ్వాన్సు మినహాయింపు ఒకటి. ఇప్పుడు పై ఫంక్షన్ చదివితే గుమాస్తా నోటితో లెక్క చెప్పినట్టే ఉంటుంది. ఇక్కడే ఇంకో రూల్, పీఎల్ఆర్2004, పేరు లేని అంకెలను పోలికల్లో వాడితే చెప్తుంది. 17 అనే అంకె ఆరు చోట్ల ఉంది మా కోడులో. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ పరిమితి 17 శాతం అని మన దగ్గర ఏ రైతునడిగినా చెప్తాడు, కానీ రేపు మా కోడు చదివే హైదరాబాద్ పిల్లవాడికి 17 అంటే ఏం తెలుస్తుంది? తేమ పరిమితి అని ఒక పేరు పెట్టి పైన ఒక్కచోట రాశాం. అయితే ఈ రూల్ పోలికలనే చూస్తుంది. బస్తాకు 40 కిలోలు అని గుణించే చోట్ల ఉన్న 40ని అది పట్టలేదు, వాటిని మేమే వెతికి పేర్లు పెట్టాం.

ఇన్ని రోజులు కొత్త ఫీచర్ ఏదీ ఇవ్వలేదు కాబట్టి ఒక మిల్లు సేటు అడిగాడు, "ఏం చేసిన్రు తమ్మీ, స్క్రీను అట్లనే ఉన్నది గదా?" అని. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని, సార్టెక్స్ మిషన్ పెట్టినట్టు సేటూ, అన్నాను. ఆ మిషన్‌లో కెమెరాలు గింజల్ని చూసి, నల్ల గింజ, రంగు మారిన గింజ కనపడగానే గాలి కొట్టి పక్కకు తోసేస్తాయి కదా, మా కోడుకు అలాంటిది పెట్టాం అని. ఆయన వెంటనే, "మంచిదే, మరి అన్నం వండి చూసేదెవరు?" అన్నాడు. గింజ తెల్లగా ఉన్నంత మాత్రాన అన్నం బాగా అవుతుందని లేదు, 30 ఏళ్లు మిల్లు నడిపిన మనిషికి ఇది ఒకరు చెప్పాలా.

సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది మాకు. తవుడు అమ్మకాలకు కొత్త స్క్రీన్ రాశాం, రఫ్ నడిపితే అన్నీ పాస్ అని వచ్చింది, ఇచ్చేశాం. మొదటి బిల్లులోనే నికర బరువు మైనస్ 8,420 కిలోలు. లోడుతో 13,180, ఖాళీ లారీ 4,760. ధాన్యం వచ్చేటప్పుడు లోడు లారీ ముందు కాంటా ఎక్కుతుంది, తవుడు పోయేటప్పుడు ఖాళీ లారీ ముందు ఎక్కుతుంది. ఫంక్షన్‌కు ఇచ్చే రెండు అంకెలు తారుమారయ్యాయి. రెండూ అంకెలే, రెండూ బరువులే, కోడు చూడటానికి శుభ్రంగా ఉంది, దీన్ని ఏ లింటర్ పట్టలేదు, టైపులు చూసే మైపై లాంటిది పెట్టినా పట్టలేదు. మైపై మాట వచ్చింది కాబట్టి, రఫ్ టైపులు చెక్ చేయదు, అంకె రావాల్సిన చోట అక్షరాలు వస్తున్నాయా అన్నది దాని పని కాదు, దానికి మైపై విడిగా పెట్టుకోవాల్సిందే. ఎక్కువ భాగం ఒక్కో ఫైలును విడిగానే చూస్తుంది కూడా. తవుడు బగ్‌కు మేము చేసింది ఏంటంటే, ఆ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు లోడు బరువు ఇంత, ఖాళీ బరువు ఇంత అని పేరు చెప్పి మాత్రమే ఇవ్వగలిగేలా మార్చాం, పైథాన్‌లో ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల) ముందు ఒక స్టార్ పెడితే చాలు. దాంతో పాటు సేటు చెప్పిన వంట కూడా మొదలుపెట్టాం, ప్రతి రకం బిల్లుకు పాత అసలు బిల్లు ఒకటి తీసుకుని, కోడు అదే లెక్క ఇస్తోందా అని చూసే టెస్టు రాస్తున్నాం.

అర మార్కు తగ్గించింది రెండింటికి. రూల్స్ 800కు పైగా ఉన్నాయి, పేర్లు చూస్తే అక్షరాలూ అంకెలే, మొదటి వారం ఏది పెట్టుకోవాలో తేల్చుకోవడమే పెద్ద పని. రెండోది, రఫ్ రూల్ అని కొట్టి నంబరు ఇస్తే ఆ రూల్ ఎందుకుందో, తప్పు ఎలా ఉంటుందో, సరైనది ఎలా రాయాలో ఉదాహరణతో చెప్తుంది, చాలా మంచి సౌకర్యం, కానీ అంతా ఇంగ్లిష్‌లోనే. ఊర్లలో తెలుగు మీడియంలో చదివి డిగ్రీ చేసి వచ్చిన పిల్లలకు ఆ రెండు పేరాలు చదివి అర్థం చేసుకోవడం కష్టంగా ఉంటుంది, అర్థం కానప్పుడు నోక్యూఏ పెట్టి ముందుకు పోతారు, అది అసలు తప్పు కంటే చెడ్డది. మేము తరచూ వచ్చే 20 రూల్స్‌ను తెలుగులో, మా సొంత కోడు ఉదాహరణలతో రాసి ప్రింటు తీసి గోడకు అంటించాం. తమ్ముడే రాశాడు, నేను దిద్దాను, దిద్దేటప్పుడు నాకే రెండు రూల్స్ కొత్తగా అర్థమయ్యాయి.

కొత్తగా వేసుకునేవాళ్లకు నా మాట. మొదటిరోజే అన్ని రూల్స్ ఆన్ చేయొద్దు. వేసుకోగానే వచ్చే ఈ, ఎఫ్ రూల్స్‌తో ఒక నెల నడపండి. తర్వాత బీ చేర్చండి, అందులో బీ006 ఒక్కటే చాలు డబ్బులొచ్చినట్టు, ఫంక్షన్ ఆర్గ్యుమెంటుకు ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా ఇస్తే పైథాన్ ఆ లిస్టును ఒక్కసారే తయారు చేసి ప్రతిసారీ అదే వాడుతుంది, ముందు రైతు బస్తాలు తర్వాతి రైతు స్లిప్పులోకి వచ్చి చేరతాయి. డేటాబేస్ వాడేవాళ్లు ఎస్ రూల్స్ తప్పక పెట్టుకోండి, డేటాబేస్‌ను అడిగే భాష ఎస్క్యూఎల్, దాన్ని మాటలు అతికించి తయారు చేసే ప్రమాదకరమైన చోట్లను ఎస్608 చూపిస్తుంది, మాకు రిపోర్టుల్లో అలాంటివి చాలా దొరికాయి. పాత కోడు పెద్దదైతే యాడ్ నోక్యూఏ అనే ఆప్షన్ ఉంది, ఇప్పటిదాకా ఉన్న తప్పులన్నిటి పక్కనా తనే కామెంటు పెట్టేస్తుంది, దాంతో కొత్తగా రాసే లైన్లకే రూల్ వర్తిస్తుంది, పాతవాటిని తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటి తీసుకుంటూ పోవచ్చు. కమిట్‌కు ముందు తనే నడిచే ప్రీ కమిట్‌లో పెట్టుకోండి, తప్పు ఉంటే కమిట్ అవ్వనే అవ్వదు, అప్పుడు ఒకరు గుర్తు చేయాల్సిన పని ఉండదు. సెట్టింగులన్నీ పైప్రాజెక్ట్ అనే సెట్టింగుల ఫైలులో రాసి గిట్‌లో పెడితే ముగ్గురికీ ఒకటే ఉంటాయి. వెర్షన్ నంబరు కూడా అందరిదీ ఒకటే ఉండేలా రాసుకోండి, ఇంకా 1.0 కాలేదు నేను వాడుతున్నది, వెర్షన్ మారితే రూల్స్ కూడా కొద్దిగా మారుతుంటాయి.

మా దగ్గర ఇంకా 61 నోక్యూఏలు మిగిలాయి. వాటిలో సగం బిల్లు వివరాలను డిక్షనరీల్లో ఉంచే ఫైలులోనే. బిల్లు వివరాలను కొటేషన్లలో రాసిన కీలతో కాకుండా డేటాక్లాసులోకి, అంటే ఏ వివరాలు ఉంటాయో ముందే పేర్లు పెట్టి రాసే పద్ధతిలోకి మార్చే పని తమ్ముడు గత సోమవారం మొదలుపెట్టాడు, హమాలీ స్పెల్లింగ్ ఒక్కచోటే ఉంటుంది అప్పుడు, మైపై కూడా దాన్ని చూడగలుగుతుంది. ఒక ఏనా రెండు ఏలా అని నన్నడిగాడు. నీ ఇష్టం, నువ్వు ఏది పెడితే అదే అందరం రాస్తాం అన్నాను. రెండు పెట్టాడు.